నీరసానికి ఫోలిక్ ఆమ్లం

ఫోలిక్ ఆమ్లం బి-కాంప్లెక్సు విటమిన్లలో ఒకటి. దీనిని విటమిన్ బి9 అని కూడా అంటారు. శరీరంలో కొత్త కణాలు పుట్టడానికి, ముఖ్యంగా ఎర్ర రక్తకణాలు తయారు కావడానికి ఇది అవసరం. ఇది లోపించినపుడు రక్తహీనత ఏర్పడి, నీరసం, ఆయాసం, చిరాకు, పని మీద మనసు నిలవకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. ఆ లోపాన్ని మాత్రలతో పూరించినపుడు ఈ లక్షణాలు తగ్గుతాయి. దీనివలన ఫోలిక్ ఆమ్లాన్ని ఎక్కువ మోతాదులో తీసుకుంటే ఎవరికైనా ఓపిక, ఉత్సాహం పెరుగుతాయనే నమ్మకం ఏర్పడింది. ఇప్పటివరకు జరిగిన పరిశోధనలు ఈ నమ్మకాన్ని బలపరచలేదు. లోపం ఉన్నవారికి ఇది మందు. లోపం లేనివారికి ఇది బలం మందు కాదు. అంతేకాక విటమిన్ బి12 లోపం ఉన్నవారు ఆ సంగతి తెలియక ఎక్కువ మోతాదు ఫోలిక్ ఆమ్లం మాత్రమే వాడితే నరాలకు శాశ్వతమైన హాని జరిగే ప్రమాదం ఉన్నది.

ఈ విటమిను చరిత్రకు తెలుగువారితో దగ్గరి సంబంధం ఉన్నది. దీనిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

పేర్లు, రూపాలు

లాటిన్ భాషలో 'ఫోలియం' అనగా ఆకు. 1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని టన్నుల పాలకూర నుండి ఈ పదార్థాన్ని వేరుచేసి, ఆకుల నుండి వచ్చినది గనుక ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

ఆహారంలో సహజంగా ఉండే రూపాలను కలిపి ఫోలేటు అంటారు. మాత్రలలో, బలవర్ధకం చేసిన ఆహారంలో ఉండే కృత్రిమ రూపాన్ని ఫోలిక్ ఆమ్లం అంటారు. ఫోలిక్ ఆమ్లం వేడికి, నిలువకు ఎక్కువగా తట్టుకుంటుంది. ఆహారంలోని ఫోలేటు కంటే ఇది ఎక్కువగా ఒంటపడుతుంది. ఆహారం నుండి వచ్చే 1 మైక్రోగ్రాము ఫోలేటు, భోజనంతో పాటు తీసుకునే 0.6 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లంతో సమానమని లెక్కిస్తారు. మూడవది మిథైల్ ఫోలేటు. రక్తంలో ప్రధానంగా తిరిగే రూపం ఇదే. దీనిని కూడా మాత్రలుగా అమ్ముతున్నారు.

(1 మిల్లీగ్రాము = 1000 మైక్రోగ్రాములు. మాత్రల అట్టపై మి.గ్రా. అని ఉన్నదో మైక్రోగ్రాములు అని ఉన్నదో గమనించడం ముఖ్యం.)

చరిత్ర

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అక్కడి గర్భిణీ స్త్రీలలో, ప్రత్యేకించి బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలలో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించింది. ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో మాత్రం మామూలు కంటే పెద్దవిగా ఉండేవి. ఈస్టు నుండి తయారయ్యే మార్మైట్ అనే చవకైన ఆహారపదార్థం ఇస్తే ఆ స్త్రీలు కోలుకుంటున్నారని ఆమె 1931లో ప్రకటించింది. ఈస్టులో ఉన్న ఆ అజ్ఞాత పదార్థాన్ని చాలాకాలం 'విల్స్ ఫాక్టర్' అని పిలిచారు. అది ఫోలేటు అని తరువాత తేలింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మద్రాసులో వైద్యవిద్య చదివి, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో పరిశోధనలు చేశాడు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. యువకుడిగా ఉండగా ఆయన స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి గురయ్యాడు. ఆయన సోదరుడు అదే వ్యాధితో మరణించాడు. స్ప్రూలో పేగులు పోషకాలను సరిగా గ్రహించలేవు. రోగి రక్తం తగ్గి నీరసించి పోతాడు. ఈ వ్యాధికి మందు కనుగొనాలన్న పట్టుదలతో ఆయన కాలేయం నుండి రక్తవృద్ధికి తోడ్పడే పదార్థాన్ని వేరుచేసే పని చేపట్టాడు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి, దాని నిర్మాణాన్ని నిర్ధారించింది. అదే సంవత్సరం అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ దీనిని రక్తహీనత రోగులకు ఇచ్చి మంచి ఫలితాలు పొందాడు. స్ప్రూ రోగులకు కూడా ఇది ఉపయోగపడింది.

ఈ పరిశోధన మరొక మేలు కూడా చేసింది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినాప్టెరిన్ అనే పదార్థాన్ని కూడా లెడర్లీ ప్రయోగశాలలు తయారుచేశాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దీనిని రక్తకాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా ఉపశమించినట్లు 1948లో ప్రకటించాడు. అదే కుటుంబానికి చెందిన మిథోట్రెక్సేట్ నేటికీ కాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుతున్నారు. సుబ్బారావు 1948 ఆగష్టు 8న మరణించాడు. విటమిన్ బి12ను కూడా శాస్త్రజ్ఞులు అదే సంవత్సరం వేరుచేశారు. ఈ రెండు విటమిన్ల మధ్య సంబంధం ఏమిటన్నది వైద్యులకు ఆ తరువాతనే పూర్తిగా అర్థమైనది.

శరీరంలో పని

కణం రెండుగా విడిపోవాలంటే ముందుగా దానిలోని డి.ఎన్.ఏ. రెట్టింపు కావాలి. డి.ఎన్.ఏ.లోని కొన్ని భాగాల తయారీకి ఒకే కర్బన పరమాణువు గల చిన్న సమూహాలు కావాలి. వాటిని ఒకచోటి నుండి మరొకచోటికి మోసుకుపోయే పని ఫోలేటుది. ఎముకల మూలుగలో ప్రతి సెకనుకు లక్షల సంఖ్యలో ఎర్ర రక్తకణాలు పుడుతుంటాయి. కాబట్టి ఫోలేటు కొరత ముందుగా బయటపడేది అక్కడే. కణం పెరుగుతుంది గాని విడిపోలేదు. అందువలన పెద్దవైన, పక్వం కాని కణాలు తయారవుతాయి. దీనిని మెగలోబ్లాస్టిక్ రక్తహీనత అంటారు.

ఫోలేటు మెదడుకు కూడా అవసరం. హోమోసిస్టీన్ అనే పదార్థం మిథియోనిన్‌గా మారడానికి ఫోలేటు, బి12 రెండూ కావాలి. మిథియోనిన్ నుండి తయారయ్యే పదార్థం నాడీ సందేశాలకు సంబంధించిన పలు చర్యలలో పాల్గొంటుంది. ఫోలేటుకు, మనసులోని ఉత్సాహానికి సంబంధం ఉండవచ్చునన్న ఆలోచనకు ఆధారం ఇదే.

ఫోలేటు స్వయంగా శక్తినిచ్చే పదార్థం కాదు. శక్తి అన్నం, సంగటి, పప్పు, నూనెల వంటి ఆహారం నుండి వస్తుంది. విటమిన్లు ఆ పని జరగడానికి తోడ్పడతాయి. అవసరమైనంత విటమిను ఉన్నచోట మరింత చేర్చినందువలన ఆ పని వేగం పెరగదు.

లోపం వలన నీరసం

ఫోలేటు లోపం మనిషిని ఎలా మారుస్తుందో 1961-62లో విక్టర్ హెర్బర్ట్ అనే అమెరికా వైద్యుడు తనపైనే ప్రయోగం చేసుకుని చూపించాడు. ఆయన కొన్ని నెలలపాటు తన ఆహారాన్నంతా మూడుసార్లు ఉడికించి, ప్రతిసారీ నీటిని పారబోసి తిన్నాడు. ఫోలేటు నీటిలో కరుగుతుంది, వేడికి నశిస్తుంది. కాబట్టి ఆ ఆహారంలో అది దాదాపుగా మిగలలేదు. మూడు వారాలకు రక్తంలో ఫోలేటు తగ్గింది. కాని రక్తహీనత కనిపించడానికి నాలుగు నెలలకు పైగా పట్టింది. నాలుగవ నెలలో నిద్రపట్టకపోవడం, మతిమరుపు మొదలై, ఐదవ నెలలో చిరాకు పెరిగింది. ఫోలిక్ ఆమ్లం తీసుకున్న రెండు రోజులలోనే ఈ మానసిక లక్షణాలు తగ్గిపోయాయి.

ఈ ప్రయోగం నుండి రెండు విషయాలు గ్రహించవచ్చు. ఒకటి, నిజమైన లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఇస్తే మేలు త్వరగా కనిపిస్తుంది. రెండు, శరీరంలోని నిలువలు కొన్ని నెలలపాటు సరిపోతాయి గనుక నాలుగు రోజులు ఆకుకూర తినకపోయినంత మాత్రాన లోపం ఏర్పడదు.

లోపం ఏర్పడడానికి ముఖ్య కారణాలు:
* ఆకుకూరలు, పప్పుధాన్యాలు చాలాకాలం తక్కువగా తినడం
* గర్భధారణ, పాలివ్వడం, పిల్లల ఎదుగుదల వంటి అవసరం పెరిగే దశలు
* మద్యపానం
* స్ప్రూ, సీలియాక్ వంటి పేగు వ్యాధులు
* ఎర్ర కణాలు త్వరగా నశించే సికిల్ సెల్, తలసీమియా వంటి వ్యాధులు
* ఫెనిటాయిన్ (మూర్ఛకు), మిథోట్రెక్సేట్, సల్ఫసలజీన్ వంటి మందులు

నాలుక ఎర్రబడి మండటం, నోటిపూత, పాలిపోవడం, మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ దీని ఇతర లక్షణాలు. లోపం నిర్ధారణ అయినపుడు వైద్యులు సాధారణంగా రోజుకు 1 నుండి 5 మి.గ్రా. చొప్పున సుమారు నాలుగు నెలలపాటు ఇస్తారు. వారం పది రోజులలో కొత్త ఎర్రకణాల సంఖ్య పెరుగుతుంది. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి చేరడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది.

అధిక మోతాదుపై పరిశోధనలు

లోపం ఉన్నదా లేదా అని చూడకుండా అధిక మోతాదు ఇచ్చినపుడు ఏమి జరుగుతుందన్నది వేరే ప్రశ్న. దీనిపై జరిగిన ముఖ్యమైన అధ్యయనాలు ఇవి.

దీర్ఘకాలిక అలసట: కారణం తెలియకుండా నెలల తరబడి అలసటతో బాధపడేవారికి కాలేయసారం, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన ఇంజక్షన్లు ఇచ్చి, మందులేని ఇంజక్షన్లతో పోల్చిన చిన్న అధ్యయనం 1989లో వెలువడింది. రెండింటికీ తేడా కనబడలేదు. ఉత్తుత్తి ఇంజక్షను తీసుకున్నవారికి కూడా కొంత మేలు జరిగినట్లు అనిపించింది. బలం ఇంజక్షను వేయించుకోగానే హుషారు వచ్చిందని చెప్పేవారి అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

మానసిక కుంగుబాటు: 1990లో లండన్‌లో గాడ్‌ఫ్రే తదితరులు, కుంగుబాటు లేదా స్కిజోఫ్రెనియా ఉండి ఎర్రకణాలలో ఫోలేటు తక్కువగా ఉన్న 41 మందికి మామూలు చికిత్సతో పాటు మిథైల్ ఫోలేటు 15 మి.గ్రా. లేదా ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మిథైల్ ఫోలేటు తీసుకున్నవారు మెరుగుగా కోలుకున్నారు. 2000లో కోపెన్, బెయిలీ 127 మందిపై జరిపిన అధ్యయనంలో ఫ్లూఆక్సెటీన్ అనే మందుకు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం చేర్చినపుడు స్త్రీలకు ప్రయోజనం కనిపించింది, పురుషులకు కనిపించలేదు. 2012లో పాపకోస్టాస్ తదితరులు, మందులకు లొంగని కుంగుబాటులో మిథైల్ ఫోలేటు 7.5 మి.గ్రా. పనిచేయలేదని, 15 మి.గ్రా. కొంత పనిచేసిందని ప్రకటించారు. 15 మి.గ్రా. ఫలితం వచ్చిన అధ్యయనంలో పాల్గొన్నది 75 మంది మాత్రమే. దానికి ఆ మాత్రను తయారుచేసే కంపెనీ ఆర్థిక సహాయం చేసింది.

వీటికి భిన్నంగా, బ్రిటన్‌లోని వేల్స్‌లో 475 మందితో జరిగిన పెద్ద అధ్యయనంలో (2014) కుంగుబాటు మందులకు రోజుకు 5 మి.గ్రా. ఫోలిక్ ఆమ్లం చేర్చినా అదనపు ప్రయోజనం కనిపించలేదు. అమెరికాలో నాలుగు వేలకు పైగా స్త్రీలకు ఏళ్ళ తరబడి ఫోలిక్ ఆమ్లం 2.5 మి.గ్రా., బి6, బి12 కలిపి ఇచ్చినపుడు కుంగుబాటు రావడం తగ్గలేదని 2015లో వెలువడిన ఫలితాలు తెలిపాయి.

ఈ అధ్యయనాలను కలిపి చూస్తే, కుంగుబాటుతో బాధపడేవారిలో ఫోలేటు తక్కువగా ఉన్నవారికి, అదీ అసలు మందుకు తోడుగా ఇచ్చినపుడు, కొంత మేలు ఉండవచ్చును. ఆరోగ్యంగా ఉండి కేవలం ఉత్సాహం తగ్గిందనుకునేవారికి అధిక మోతాదు పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. కుంగుబాటుకు వైద్యుడు ఇచ్చిన మందు మానివేసి దాని స్థానంలో విటమిన్లు వాడటం సరికాదు.

అధిక మోతాదు వలన ప్రమాదాలు

బి12 లోపం మరుగున పడటం: ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. బి12 లేనపుడు ఫోలేటు మిథైల్ ఫోలేటు రూపంలో చిక్కుకుపోయి కణాలకు ఉపయోగపడదు. అందుచేత బి12 లోపంలోనూ అదే పెద్ద కణాల రక్తహీనత వస్తుంది. అప్పుడు ఎక్కువ మోతాదులో ఫోలిక్ ఆమ్లం ఇస్తే, అది ఆ చిక్కును దాటి నేరుగా డి.ఎన్.ఏ. తయారీకి ఉపయోగపడుతుంది. రక్తం బాగుపడుతుంది. నీరసం తగ్గినట్లు కూడా ఉంటుంది. కాని నరాలకు కావలసిన బి12 లోటు అలాగే ఉండిపోతుంది. వెన్నుపాము, నరాల పైపొర క్రమంగా చెడిపోతాయి. అరికాళ్ళలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం, చీకటిలో నడుస్తుంటే తూలడం, మతిమరుపు దీని లక్షణాలు. ఆలస్యమైతే చికిత్స చేసినా నరాల శక్తి పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. 1940వ దశకం చివరలో బి12 లోపం వలన వచ్చే పెర్నీషియస్ అనీమియా రోగులకు ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇచ్చినపుడు ఇదే జరిగింది. రోజుకు 5 మి.గ్రా., అంతకు మించిన మోతాదులలో ఈ ప్రమాదం స్పష్టంగా నమోదైనది.

మారని ఫోలిక్ ఆమ్లం: ఫోలిక్ ఆమ్లాన్ని ఉపయోగపడే రూపంలోకి మార్చే శక్తి మనిషి కాలేయానికి పరిమితంగానే ఉన్నది. ఒకేసారి ఎక్కువ తీసుకుంటే కొంత భాగం మారకుండానే రక్తంలో కనిపిస్తుంది. దీనివలన హాని ఉన్నదా అన్న విషయంపై పరిశోధనలు జరుగుతున్నాయి.

కాన్సరు: రోజుకు 1 మి.గ్రా. ఇచ్చిన ఒక అధ్యయనం (2007) పెద్దపేగులో కణుతులు తగ్గలేదని, కొన్ని విషయాలలో పెరిగే అవకాశం ఉన్నదని హెచ్చరించింది. సుమారు 50 వేల మంది వివరాలను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణలో కాన్సరు చెప్పుకోదగినంత పెరిగినట్లు కనిపించలేదు.

నిద్ర, చిరాకు: రోజుకు 15 మి.గ్రా. తీసుకున్న ఆరోగ్యవంతులలో నిద్రలేమి, చిరాకు, కడుపు ఉబ్బరం కనిపించాయని 1970లో ఒక నివేదిక వచ్చింది. తరువాత జరిగిన అధ్యయనాలు దానిని ధ్రువపరచలేదు.

మందులతో ఘర్షణ: మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారు ఎక్కువ ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే ఆ మందు పని తగ్గి మూర్ఛలు తిరిగి రావచ్చు.

మోతాదులు

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ (హైదరాబాదు) 2020లో సిఫారసు చేసిన రోజువారీ ఫోలేటు మోతాదులు:
* పురుషులు - 300 మైక్రోగ్రాములు
* స్త్రీలు - 220 మైక్రోగ్రాములు
* గర్భిణులు - 570 మైక్రోగ్రాములు
* పాలిచ్చే తల్లులు - 330 మైక్రోగ్రాములు

పెద్దలకు మాత్రల రూపంలో గరిష్ఠ పరిమితి రోజుకు 1000 మైక్రోగ్రాములు, అనగా 1 మి.గ్రా. మందుల షాపులలో సాధారణంగా దొరికే 5 మి.గ్రా. మాత్ర ఈ పరిమితికి ఐదు రెట్లు. ఈ పరిమితి వైద్యుని పర్యవేక్షణలో చికిత్స పొందేవారికి వర్తించదు. ఆకుకూరలు, పప్పుల ద్వారా వచ్చే ఫోలేటుకు గరిష్ఠ పరిమితి లేదు.

అధిక మోతాదు నిస్సందేహంగా అవసరమైన సందర్భం ఒకటి ఉన్నది. ఇంతకుముందు వెన్నెముక సరిగా మూసుకోని శిశువును కన్న తల్లికి మరల గర్భం ధరించక ముందునుండే రోజుకు 4 మి.గ్రా. ఇస్తే, ఆ లోపం తిరిగి వచ్చే అవకాశం 72 శాతం తగ్గుతుందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లో నిరూపించింది. మిగిలిన స్త్రీలకు గర్భధారణకు ముందునుండి మొదటి మూడు నెలలు 400 మైక్రోగ్రాములు సరిపోతుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బెంగుళూరు రైలు మార్గంలో ఉన్న పట్టణాలు. ఇవి 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలోను, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్నాయి. ఇది వర్షం తక్కువగా పడే మెట్ట ప్రాంతం. వేరుశనగ ప్రధాన పంట. ధర్మవరం పట్టుచీరల నేతకు, హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు ప్రసిద్ధి. నేతపనిలో కుటుంబమంతా పాల్గొంటుంది. మగ్గం మీద కూర్చొనేవారు పగలంతా గుంటలో కాళ్ళు పెట్టి పనిచేస్తారు. ఇంటి స్త్రీలు వంటపనితో పాటు కండెలు చుట్టడం, పోగులు సరిచేయడం వంటి పనులు కూడా చేస్తారు.

ఇటువంటి శ్రమలో నీరసానికి కారణాలు అనేకం. ఇనుము లోపం, నిద్ర చాలకపోవడం, వేసవి ఎండలలో నీరు తక్కువ తాగడం, థైరాయిడ్ లోపం, మధుమేహం, క్షయ, అప్పుల దిగులు, మానసిక కుంగుబాటు వీటిలో కొన్ని. వీటిలో దేనికీ ఫోలిక్ ఆమ్లం మందు కాదు. అన్నిటికంటె సాధారణమైనది ఇనుము లోపం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఈ సర్వే హిమోగ్లోబిన్‌ను మాత్రమే కొలిచింది. ఏ లోపం వలన రక్తం తగ్గిందో చెప్పదు.

కౌమార వయసువారి విషయంలో 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే కొంత వివరం ఇచ్చింది. 10-19 ఏళ్ళవారిలో దేశవ్యాప్తంగా ఫోలేటు లోపం 37 శాతం మందికి, బి12 లోపం 31 శాతం మందికి ఉన్నట్లు ఆ సర్వేలో తేలింది. రెండు లోపాలూ దాదాపు సమానంగా ఉన్న దేశంలో ఒకదానికే మందు వాడటం ఎందుకు ప్రమాదమో దీనినిబట్టి తెలుస్తుంది. బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, కాలేయంలో మాత్రమే లభిస్తుంది. రాగులు, వేరుశనగ, పప్పులు, ఆకుకూరలలో ఉండదు. శాకాహారులు, పాలు కొనలేని పేదలు, వృద్ధులు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవారు, కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవారు ఈ విషయంలో జాగ్రత్త వహించాలి. కాళ్ళతో తొక్కుడు కర్రలను తొక్కుతూ, తెగిన పడుగు పోగులను వేలికొసలతో అతికే నేతగానికి పాదాల, వేళ్ళ స్పర్శ పోవడమంటే జీవనాధారం పోవడమే.

ఆహారంలో ఫోలేటు

పాలకూర, తోటకూర, మెంతికూర వంటి ఆకుకూరలు, శనగలు, పెసలు, కందులు, అలసందలు, అనుములు, వేరుశనగ, గుడ్లు, కాలేయం ఫోలేటుకు మంచి వనరులు. 100 గ్రాముల పచ్చి పాలకూరలో సుమారు 140 మైక్రోగ్రాములు, శనగలలో 200 మైక్రోగ్రాములకు పైగా ఉంటుంది. ధాన్యాలలో రాగులలో సుమారు 35, జొన్నలలో 39 మైక్రోగ్రాములు ఉండగా, మరపట్టిన బియ్యంలో 9 మాత్రమే ఉంటుంది. రాయలసీమలో రాగి సంగటి స్థానంలో క్రమంగా వరి అన్నం వచ్చిన ఇళ్ళలో ధాన్యం ద్వారా అందే ఫోలేటు తగ్గినట్లే. అయితే సంగటిని నంజుకునే ఆకుకూర పప్పు, వేరుశనగ చట్నీ మానకపోతే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

వండే పద్ధతి కూడా ముఖ్యం. ఉడికించిన నీటిని పారబోస్తే అందులోకి దిగిన ఫోలేటు పోతుంది. పప్పుకట్టుతో చారు కాచుకోవడం, ఆకుకూరను పప్పులోనే వేసి ఉడికించడం, కన్నడ సరిహద్దు ఇళ్ళలో కూర, పప్పు ఉడికిన నీటితోనే బస్సారు చేసుకోవడం వంటి అలవాట్లు ఈ నష్టాన్ని తగ్గిస్తాయి. ఆకుకూరను తరగక ముందే కడగాలి. వంటసోడా వేయకూడదు. వండినదానిని పలుమార్లు వేడిచేయకూడదు.

ప్రభుత్వ కార్యక్రమాలు

భారతదేశంలో 1970లో మొదలైన పోషకాహార రక్తహీనత నివారణ కార్యక్రమం క్రింద ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపిన మాత్రలను ఉచితంగా ఇవ్వసాగారు. 2018లో మొదలైన 'అనీమియా ముక్త్ భారత్' ప్రకారం 5-9 ఏళ్ళ పిల్లలకు వారానికొక గులాబిరంగు మాత్ర (ఇనుము 45 మి.గ్రా., ఫోలిక్ ఆమ్లం 400 మైక్రోగ్రాములు), 10-19 ఏళ్ళవారికి వారానికొక నీలిరంగు మాత్ర (60 మి.గ్రా., 500 మైక్రోగ్రాములు), గర్భిణులకు నాలుగవ నెలనుండి 180 రోజులు, ప్రసవం తరువాత 180 రోజులు రోజుకొక ఎర్రమాత్ర (60 మి.గ్రా., 500 మైక్రోగ్రాములు) ఇవ్వాలని నిర్ణయించారు. వీటిలోని ఫోలిక్ ఆమ్లం అధిక మోతాదు కాదు. ఈ వ్యాసంలో చెప్పిన ప్రమాదాలకు భయపడి ఈ మాత్రలను మానకూడదు. వీటిని వేసుకున్నపుడు మలం నల్లగా రావడం సహజం. కాఫీ, టీలతో కలిపి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటపట్టదు.

చౌకధరల దుకాణాల బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 మూడింటినీ చేర్చాలని కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించి, 2024 మార్చి నాటికి దేశమంతటా అమలుచేసింది. కిలోకు కలపవలసిన ఫోలిక్ ఆమ్లం 75-125 మైక్రోగ్రాములు మాత్రమే.

నీరసం ఉన్నపుడు చేయించవలసిన పరీక్షలు

నీరసం రెండు మూడు వారాలకు మించి ఉంటే మాత్రలు కొనడానికి ముందు వైద్యుని సంప్రదించడం మంచిది. మొదటి పరీక్ష సి.బి.పి. అని పిలిచే రక్తపరీక్ష. ఇందులో హిమోగ్లోబిన్‌తో పాటు ఎం.సి.వి. అనే అంకె ఉంటుంది. అది ఎర్రకణం సగటు పరిమాణాన్ని తెలుపుతుంది. అది 80 కంటె తక్కువైతే ఇనుము లోపాన్ని, 100 కంటె ఎక్కువైతే ఫోలేటు లేదా బి12 లోపాన్ని అనుమానిస్తారు. ఇనుము, ఫోలేటు, బి12 లోపాలు కలిసి ఉన్నపుడు ఈ అంకె మామూలుగానే కనబడి మోసగించవచ్చు. అవసరాన్నిబట్టి బి12, ఫోలేటు, ఫెరిటిన్, థైరాయిడ్, రక్తంలో చక్కెర పరీక్షలు చేయిస్తారు. బి12 పరీక్షకు రక్తం ఇచ్చిన తరువాతనే విటమిన్ మాత్రలు మొదలుపెట్టడం మేలు. పెద్ద కణాల రక్తహీనతలో బి12 సంగతి తేలేవరకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇవ్వకూడదన్నది వైద్యంలో స్థిరపడిన నియమం.

అరికాళ్ళ తిమ్మిరి, నడకలో తూలుడు, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, నల్లని మలం (ఇనుము మాత్రలు వాడనపుడు), బ్రతుకు మీద విరక్తి - వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకూడదు.

అపోహలు

* "నీటిలో కరిగే విటమిను గనుక ఎంత తీసుకున్నా మూత్రంలో పోతుంది." - అధిక భాగం పోయేమాట నిజమే. కాని బి12 లోపాన్ని మరుగుపరచడానికి మిగిలినది చాలు.
* "మాత్ర వేసుకోగానే ఓపిక వచ్చింది, కాబట్టి లోపం ఉన్నట్లే." - ఉత్తుత్తి మందుతో కూడా ఇటువంటి అనుభవం కలుగుతుంది. లోపాన్ని నిర్ధారించేది రక్తపరీక్ష.
* "ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం పనిచేయదు." - ఆ మార్పు ఉన్నవారు కూడా ఫోలిక్ ఆమ్లాన్ని ఉపయోగించుకోగలరని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం స్పష్టం చేసింది.
* "బి-కాంప్లెక్సు మాత్రలో అన్నీ ఉంటాయి, ఇక భయం లేదు." - పేగులు బి12ను గ్రహించలేని వ్యాధి ఉన్నవారికి మాత్రలోని కొద్దిపాటి బి12 సరిపోకపోవచ్చు. వారికి ఇంజక్షన్లు లేదా పెద్ద మోతాదు బి12 మాత్రలు అవసరమవుతాయి.

ఇవి కూడా చూడండి

* యల్లాప్రగడ సుబ్బారావు
* రక్తహీనత
* విటమిన్ బి12
* జాతీయ పోషకాహార సంస్థ
* రాగులు
* ధర్మవరం